పాత లింకులు, కొత్త డొమైన్: సర్వర్‌లెస్ రీడైరెక్ట్‌ల పని డైరీ

1వ రోజు: పని ఏమిటి, దేనితో

పాత డొమైన్‌లో నడిచిన వర్డ్‌ప్రెస్ సైటు మూతపడుతోంది. వ్యాసాలన్నీ కొత్త డొమైన్‌కు, కొత్త చిరునామాలతో ఇప్పటికే చేరిపోయాయి. ఇక చెయ్యాల్సింది ఒక్కటే: పాత లింకు నొక్కినవాళ్లు సరిగ్గా ఆ వ్యాసం దగ్గరికే వెళ్లాలి. దీన్నే రీడైరెక్ట్ అంటారు. దీనికోసం పాత సర్వర్‌ను అలాగే నడపడం దండగ. ప్యాచ్‌లు వెయ్యాలి, పీహెచ్‌పీ వెర్షన్ పెంచుతూ ఉండాలి, డిస్క్ నిండకుండా చూసుకోవాలి. అంతా చేసి అది ఇచ్చే జవాబు రెండు లైన్లు. అందుకే సర్వర్‌లెస్: మన సర్వర్ లేకుండా, అడిగినప్పుడే నడిచే చిన్న కోడ్.

ముందుగా చూసింది అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో ఫైళ్లు దాచే ఎస్3 వెబ్‌సైట్ హోస్టింగ్‌లో ఉండే రూటింగ్ రూల్స్. అవి 50కి మించి పెట్టనివ్వదు, పైగా ఆ వెబ్‌సైట్ ఎండ్‌పాయింట్‌కు హెచ్‌టీటీపీఎస్ లేదు. పదీ ఇరవై పేజీల సైటుకైతే చాలు. ఏపీఐ గేట్‌వే (వెబ్ రిక్వెస్ట్‌లు అందుకునే ద్వారం) వెనక లాంబ్డా (అడిగినప్పుడు మాత్రమే మన కోడ్ నడిపే సేవ) పెడితే పని జరుగుతుంది కానీ, కాసేపు ఎవరూ రాకపోతే ఆ తర్వాత వచ్చిన మొదటి మనిషికి కోల్డ్ స్టార్ట్, అంటే కోడ్ మళ్లీ లేచేదాకా ఆలస్యం, తగులుతుంది. రీడైరెక్ట్ అంటేనే పాఠకుడికి ఒక అదనపు మెట్టు. ఆ మెట్టు మీద మళ్లీ నిలబెట్టకూడదు.

లాంబ్డా కోడ్‌ను ఎడ్జ్‌లలో, అంటే పాఠకుడికి దగ్గరలోని క్లౌడ్‌ఫ్రంట్ (ఏడబ్ల్యూఎస్ కంటెంట్ పంపిణీ నెట్‌వర్క్) సర్వర్లలో నడిపే లాంబ్డా ఎట్ ఎడ్జ్ 2017 నుంచి ఉంది. దాన్ని నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే తయారు చెయ్యాలి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టుకోలేం, నంబరున్న వెర్షన్‌నే తగిలించాలి, తీసెయ్యాలంటే ఎడ్జ్‌లలోని కాపీలు పోయేదాకా గంటల తరబడి ఆగాలి. 2021లో వచ్చిన క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్స్ ఇంతకంటే చాలా చిన్న సరుకు. కోడ్ 10 కేబీ దాటకూడదు, మెమరీ 2 ఎంబీ, నెట్‌వర్క్ కాల్స్ లేవు, మిల్లీసెకండ్ లోపే పని ముగించాలి. రీడైరెక్ట్‌కు ఇంతకన్నా అక్కర్లేదు. ఒక్కో పిలుపుకు పడే రేటు కూడా లాంబ్డా ఎట్ ఎడ్జ్‌లో ఆరో వంతే. క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌తోనూ ఈ పని ఇంతే హాయిగా అవుతుంది. మా డీఎన్‌ఎస్ (డొమైన్ పేరును సర్వర్ చిరునామాగా మార్చే ఏర్పాటు) ఇప్పటికే ఏడబ్ల్యూఎస్ వారి రూట్ 53లో ఉంది కాబట్టి ఇటు మొగ్గాం.

2వ రోజు: పట్టిక

ఈ ప్రాజెక్టులో బరువంతా ఇక్కడే ఉంది. ఫంక్షన్ నలభై యాభై లైన్లకు మించదు. ఏ పాత చిరునామా ఎక్కడికి వెళ్లాలో చెప్పే పట్టిక తప్పయితే మాత్రం కోడ్ ఎంత బాగున్నా పాఠకుడు దారి తప్పుతాడు.

సైట్‌మ్యాప్ నుంచి 1,212 చిరునామాలు వచ్చాయి. దాంతో ఆగిపోతే సగం పనే. సైట్‌మ్యాప్‌లో ఉండేవి సైటు తనవని చెప్పుకునే చిరునామాలు. జనం దగ్గర ఉన్నవి వేరు. సర్వర్ యాక్సెస్ లాగుల్లో గత 90 రోజుల్లో 200 (పేజీ దొరికింది) గానీ 3తో మొదలయ్యే కోడ్ (ఎక్కువగా వేరే చోటికి పంపేది) గానీ అందుకున్న పాత్‌లన్నీ (చిరునామాలో డొమైన్ తర్వాతి భాగాలు) లాగితే, సైట్‌మ్యాప్‌లో లేనివి ఇంకో 531 తేలాయి. ట్యాగ్ పేజీలు, ఫీడ్‌లు, పీడీఎఫ్‌లు, వర్డ్‌ప్రెస్‌కు ముందున్న పీహెచ్‌పీ స్క్రిప్ట్ నాటి ఐడీ నంబర్ల లింకులు అందులోవే. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బయటి సైట్లు ఇస్తున్న లింకుల జాబితా నుంచి మరో 64. మొత్తం 1,807. చివరి స్లాష్ ఉన్నదీ లేనిదీ వంటి జంటల్ని కలిపేస్తే 1,640 వరుసలు మిగిలాయి.

పాత సర్వర్‌లోని రీరైట్ ఫైల్‌ను కూడా వదలకూడదు. అందులో 46 రూల్స్ దొరికాయి. వాటిలో 19 ఎప్పుడో మార్చిన చిరునామాలవి, అంటే మొదటి పేరు నుంచి రెండో పేరుకు. ఇప్పుడు రెండో పేరు కొత్త డొమైన్‌కు మారింది. రెండు రూల్స్‌నూ అలాగే ఉంచితే గొలుసు పడుతుంది. గూగుల్ తరఫున పేజీలు చదివే గూగుల్‌బాట్ పది గంతుల (ఒక రీడైరెక్ట్ ఒక గంతు) వరకు వెంట వస్తుంది, బ్రౌజర్లు ఇరవై దాకా ఓపిక పడతాయి. అంతమాత్రాన గొలుసు కట్టమని కాదు. ప్రతి గంతూ మొబైల్ నెట్‌వర్క్ మీద ఇంకో రానూపోనూ ప్రయాణం. అందుకే పట్టికలో ప్రతి పాత పేరూ నేరుగా చివరి గమ్యాన్నే చూపించాలి. ఆ 19 పాత పేర్లనూ ఒక్కొక్కటిగా చదును చేశాం.

గమ్యం లేనివి 87. ఎప్పుడో ముగిసిన ప్రకటనలు, ఖాళీ ట్యాగ్ పేజీలు. వీటిని హోమ్‌పేజీకి తోసెయ్యాలని అందరికీ అనిపిస్తుంది. అది తప్పు. వ్యాసం కోసం వచ్చిన మనిషికి సంబంధం లేని పేజీ చూపించడమే కాక, గూగుల్ అలాంటి రీడైరెక్ట్‌ను సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టుగానే, లెక్కిస్తుంది. ఇవి 410 ఇస్తాయి, అంటే "తీసేశాం, ఇక రాదు" అని.

3వ రోజు: ఏ కోడ్

మొదటి రెండు వారాలు 302 (తాత్కాలిక రీడైరెక్ట్), ఆ తర్వాతే 301 (శాశ్వత రీడైరెక్ట్). కారణం ఇదీ.

301 జవాబును బ్రౌజర్ తన దగ్గర దాచుకోవచ్చు. గడువు చెప్పకపోతే ఎన్నాళ్లు దాచుకుంటుందో మన చేతిలో ఉండదు. ఒక వరుసలో తప్పు గమ్యం రాసి 301 పంపితే, పట్టికను సరిచేశాక కూడా అప్పటికే వచ్చి వెళ్లినవాళ్ల బ్రౌజర్ మన ఫంక్షన్‌ను అడగకుండానే తప్పు చోటికి పోతూ ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మన వైపు నుంచి ఏ మీటా లేదు. 302కు ఆ బాధ లేదు. క్యాష్ చేసుకోమని హెడర్‌లో విడిగా చెబితే తప్ప బ్రౌజర్ దాన్ని దాచుకోదు. 301కు మారేటప్పుడు కూడా క్యాష్-కంట్రోల్ హెడర్‌లో మ్యాక్స్-ఏజ్ 86400 పెట్టాలి. ఒక రోజు. అప్పుడు ఎంత పెద్ద తప్పయినా మర్నాటికల్లా ప్రతి బ్రౌజర్ మళ్లీ అడుగుతుంది.

301, 302 రెండింటికీ ఇంకో స్వభావం ఉంది. పోస్ట్ రిక్వెస్ట్‌కు (సమాచారం పంపేది) ఇవి జవాబుగా వస్తే బ్రౌజర్ దాన్ని గెట్‌గా (పేజీ అడిగేది మాత్రమే) మార్చేస్తుంది. ఫారంలో నింపిన సరుకంతా దారిలో పోతుంది. మెథడ్ మారకూడదంటే 307 (తాత్కాలికం) లేదా 308 (శాశ్వతం) వాడాలి. పాత సైటులో సంప్రదింపుల ఫారం ఒకటి పోస్ట్ అవుతుంది, దానికి 307 పెట్టాం. తర్వాత కూడా 308గానే మారుతుంది, 301గా కాదు. వెబ్‌హుక్‌లు (ఒక ప్రోగ్రాము ఇంకోదానికి తనంతట తాను పంపే సందేశాలు) ఇంకో జాతి: పంపేవైపు ప్రోగ్రాములు చాలావరకు రీడైరెక్ట్‌ను అనుసరించవు. వాటిని పంపేచోటే కొత్త చిరునామాకు మార్చుకోవాలి. అలాంటివి రెండు ఉంటే ఈ రోజే మార్చేశాం.

4వ రోజు: ఫంక్షన్ అస్థిపంజరం

1,640 వరుసల్ని కోడ్‌లోనే ఒక ఆబ్జెక్ట్‌గా రాసేద్దామంటే కుదరదు. వరుసకు సగటున 300 బైట్లు, మొత్తం 490 కేబీ. ఫంక్షన్‌కు ఉన్న చోటు 10 కేబీ. 2023 చివర్లో వచ్చిన క్లౌడ్‌ఫ్రంట్ కీ-వాల్యూ స్టోర్ (కీ ఇస్తే దాని విలువ చెప్పే పట్టిక) దీనికి సరిపోతుంది. స్టోర్‌కు 5 ఎంబీ, కీకి 512 బైట్లు, విలువకు 1 కేబీ పరిమితి. ఒక ఫంక్షన్‌కు ఒకే స్టోర్ తగిలించగలం. జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ 2.0 ఎంచుకోవాలి, 1.0లో స్టోర్ అందదు.

విలువలో కొత్త పాత్ మాత్రమే రాశాం, డొమైన్ పేరు లేకుండా. తీసేసిన పేజీలకు విలువ 410 అనే మూడంకెలు. 302, 301లలో ఏది పంపాలో ఫంక్షన్ పైభాగంలో ఒకే కాన్‌స్టంట్. మార్చే రోజున 1,553 వరుసలు ముట్టుకోనక్కర్లేదు, ఒక అంకె మారిస్తే చాలు.

ఫంక్షన్ వ్యూయర్ రిక్వెస్ట్ దశలో, అంటే పాఠకుడి రిక్వెస్ట్ అందిన వెంటనే, నడుస్తుంది. ఈవెంట్‌లోంచి యూఆర్‌ఐ (అడిగిన పాత్) తీసుకోవడం, దాన్ని ఒక ప్రామాణిక రూపానికి తేవడం, స్టోర్‌లో వెతకడం, జవాబు ఆబ్జెక్ట్ కట్టి తిరిగి ఇవ్వడం. రిక్వెస్ట్‌ను కాక జవాబును తిరిగి ఇచ్చామంటే క్లౌడ్‌ఫ్రంట్ ఆరిజిన్ (వెనకుండే అసలు సర్వర్) దాకా వెళ్లదు. డిస్ట్రిబ్యూషన్‌కు (క్లౌడ్‌ఫ్రంట్‌లో మన సైటు సెట్టింగుల మూటకు) ఏదో ఒక ఆరిజిన్ చూపించక తప్పదు కాబట్టి ఖాళీ ఎస్3 బకెట్ ఒకటి ఇచ్చాం. దాని గడప ఎవరూ తొక్కరు.

జవాబులో హెడర్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి, ప్రతి హెడర్ విలువా దాని లోపల వాల్యూ అనే ఫీల్డ్‌లో ఉండాలి. నేరుగా స్ట్రింగ్ పెడితే చెల్లదు. అన్నిటికంటే ముఖ్యమైనది: స్టోర్‌లో కీ లేకపోతే దాన్ని చదివే గెట్ అనే పిలుపు ఖాళీ విలువ ఇవ్వదు, ఎక్సెప్షన్ (కోడ్‌ను ఆపేసే ఎర్రర్) విసురుతుంది. ట్రై-క్యాచ్ లేకుండా రాస్తే పట్టికలో లేని ప్రతి పాత్‌కూ పాఠకుడికి 5తో మొదలయ్యే ఎర్రర్ కనబడుతుంది. ముందు ఎగ్జిస్ట్స్‌తో అడిగి ఆ తర్వాత గెట్ చెయ్యొచ్చు కానీ, అది రెండు సార్లు చదవడం. క్యాచ్‌లోనే 404 కట్టడం శుభ్రం.

డెవలప్‌మెంట్, లైవ్ అని ఫంక్షన్‌కు రెండు దశలు. సేవ్ చేస్తే మార్పు డెవలప్‌మెంట్‌లోనే ఉంటుంది. పబ్లిష్ నొక్కితేనే లైవ్‌కు వెళ్తుంది. "మార్చాను, అయినా పాతదే వస్తోంది" అనేవాటిలో సగం దీనివల్లే.

5వ రోజు: తెలుగు చిరునామాలు

రోజంతా దీనికే పట్టింది. ఇంత పట్టాల్సిందే కూడా.

పాత సైటులో దాదాపు మూడో వంతు వ్యాసాల చిరునామాలు తెలుగులో ఉన్నాయి. వైరు మీద మాత్రం తెలుగు ఉండదు. 'త' అనే ఒక్క అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. చిరునామాలో అది శాతం-ఈ0, శాతం-బీ0, శాతం-ఏ4 అని తొమ్మిది గుర్తులవుతుంది. గుణింతం, పొల్లు విడివిడి కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్లు) కాబట్టి 'తె' అంటే పద్దెనిమిది గుర్తులు.

మొదటి చిక్కు కేస్. శాతం గుర్తు తర్వాత వచ్చే హెక్స్ అక్షరాలు పెద్దవైనా చిన్నవైనా అర్థం ఒకటే, పెద్దవి రాయడం మేలు అని ప్రమాణం. వర్డ్‌ప్రెస్ మాత్రం స్లగ్‌లను (చిరునామాలో వ్యాసం పేరుండే ముక్కల్ని) చిన్న అక్షరాల్లో దాస్తుంది. బ్రౌజర్‌లో తెలుగు టైప్ చేస్తే పెద్ద అక్షరాలుగా వెళ్తుంది. పేజీలోని లింకు నొక్కితే అందులో ఎలా ఉంటే అలాగే వెళ్తుంది. ఒకే వ్యాసానికి రెండు రూపాలు వస్తాయి, స్టోర్‌కు అవి రెండు వేరు వేరు కీలు.

రెండోది కోత. వర్డ్‌ప్రెస్ స్లగ్‌ను ఎన్‌కోడ్ చేసిన తర్వాతి 200 గుర్తుల దగ్గర కత్తిరిస్తుంది. అక్షరానికి తొమ్మిది చొప్పున ఇరవై రెండు కోడ్‌పాయింట్లు పడతాయి. అందుకే పాత తెలుగు చిరునామాలు మాట మధ్యలో తెగి కనిపిస్తాయి. స్ప్రెడ్‌షీట్‌లో అది చూసి, చిరునామా పాడైందనుకుని పూర్తి శీర్షికతో "సరిచేస్తే" ఆ వరుస ఎప్పటికీ కలవదు. తెగినదే అసలు చిరునామా. దాన్ని అలాగే ఉంచాలి.

మూడోది కంటికి కనబడనిది. 'రీడైరెక్ట్‌లు' అని రాసినప్పుడు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే గుర్తు ఉంటుంది. అది లేకపోతే ట, ల కలిసి ఒత్తు పడిపోతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వెయ్యవు. కాపీ చేసి మెసేజ్‌లో అతికించేసరికి కొన్నిచోట్ల రాలిపోతుంది. అలాగే 'ై' ఒకే కోడ్‌పాయింట్‌గా రావచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగా రావచ్చు. చూపుకు ఒకటే. బైట్లు వేరు.

అన్నిటికీ ఒకే మందు: పట్టిక తయారుచేసే స్క్రిప్ట్‌లోనూ ఫంక్షన్‌లోనూ ఒకే నియమంతో కీ కట్టడం. పాత్‌ను డీకోడ్ చెయ్యాలి. నాన్-జాయినర్ తీసెయ్యాలి. ఆ రెండు ముక్కల ఐత్వాన్ని ఒక్కటి చెయ్యాలి. చివరి స్లాష్ తియ్యాలి. మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యాలి. అప్పుడు హెక్స్ అంతా పెద్ద అక్షరాల్లోనే వస్తుంది. స్క్రిప్ట్ వైపు పైథాన్‌లో పూర్తి ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (యూనికోడ్ ముక్కల్ని ఒకే రూపానికి తెచ్చేది) నడిపాం. ఫంక్షన్‌లో ఐత్వపు జంటకు మాత్రం ఒక రీప్లేస్.

డీకోడ్ చేసేచోట జాగ్రత్త. చాట్ యాప్‌లో సగం తెగిన లింకు వస్తే మూడు బైట్లలో రెండే ఉంటాయి, డీకోడ్ ఫంక్షన్ యూఆర్‌ఐ ఎర్రర్ విసురుతుంది. దాన్నీ పట్టుకుని 404 ఇవ్వాలి.

ఇక 512 బైట్ల పరిమితి. వర్గం, ఉపవర్గం, వ్యాసం మూడూ తెలుగులో ఉన్న 21 చిరునామాలు దాన్ని దాటాయి. వాటికి పాత్ బదులు దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌నే (ఎంత పొడవైనదాన్నయినా ఒకే పొడవుకు కుదించిన గుర్తు) కీ చేశాం. 64 గుర్తులతో సరిపోతుంది. క్రిప్టో మాడ్యూల్ ఈ రన్‌టైమ్‌లో ఉంది. అన్నిటికీ హ్యాష్ పెట్టొచ్చు, కోడ్‌లో ఒక షరతు తగ్గుతుంది. కానీ అర్ధరాత్రి ఒక లింకు పనిచెయ్యలేదని స్టోర్ తెరిచి చూసేవాళ్లకు చదవదగ్గ కీ కావాలి. పొడవైనవాటికే హ్యాష్.

6వ రోజు: ప్రశ్నార్థకం తర్వాతి భాగం

యూఆర్‌ఐ ఫీల్డ్‌లో క్వెరీ స్ట్రింగ్ ఉండదు, అది విడిగా ఆబ్జెక్ట్‌గా వస్తుంది. మరచిపోతే ఐడీ 417, ఐడీ 418 రెండూ ఒకే కీ అయిపోతాయి. పాత పీహెచ్‌పీ చిరునామాలకు ఐడీ పారామీటర్‌ను మాత్రమే తీసి కీ చివర అతికించాం. మిగతా పారామీటర్లు కీలోకి రాకూడదు, లేకపోతే ప్రచార ట్యాగులు తగిలిన ప్రతి లింకూ కొత్త కీ అవుతుంది.

ఆ ట్యాగులు గమ్యానికి మాత్రం చేరాలి. ఆబ్జెక్ట్ నుంచి పేరు, విలువ తీసి మళ్లీ స్ట్రింగ్ కట్టడమే. ఒకే పేరు రెండుసార్లు వస్తే మల్టీవాల్యూ అనే అర్రేలో చూడాలి. నేరుగా వాల్యూ మాత్రమే చదివితే మిగతావి జారిపోతాయి. వచ్చిన విలువను వచ్చినట్టే అతికించాలి, మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకూడదు. చేస్తే శాతం గుర్తు కాస్తా శాతం-25గా మారి, తెలుగు వెతుకులాట పదం అంతా అంకెల చెత్తగా కనబడుతుంది.

హ్యాష్ గుర్తు (#) తర్వాతి భాగం గురించి ఏమీ చెయ్యనక్కర్లేదు. అది సర్వర్‌కు రానే రాదు. కొత్త చిరునామా చెప్పే లొకేషన్ హెడర్‌లో మనం వేరే # భాగం పెట్టకపోతే బ్రౌజరే పాతదాన్ని కొత్త చిరునామాకు మోసుకెళ్తుంది.

7వ రోజు: తలుపు గడియ

రీడైరెక్ట్ ఫంక్షన్‌ను అశ్రద్ధగా రాస్తే మోసగాళ్లకు పనిముట్టు అవుతుంది. మన డొమైన్ పేరు చూసి నమ్మి నొక్కిన మనిషి వేరే చోట తేలతాడు. దీనికి ఓపెన్ రీడైరెక్ట్ అని పేరు.

మా మొదటి ముసాయిదాలోనే ఒక కంత కనబడింది. పట్టికలో లేని పాత్‌ను అలాగే కొత్త డొమైన్‌కు అతికించి పంపుదామనుకున్నాం. కీ కట్టేటప్పుడు మొదటి స్లాష్‌ను కూడా తీసేస్తున్నాం. అతికించేటప్పుడు దాన్ని తిరిగి పెట్టలేదు. ఎవరైనా స్లాష్ తర్వాత చుక్క పెట్టి తమ డొమైన్ పేరు రాస్తే, కొత్త డొమైన్ పేరు వాళ్ల డొమైన్‌కు సబ్‌డొమైన్‌గా మారిపోతుంది. చూడ్డానికి లింకు మనదిలాగే మొదలవుతుంది. ఇంకో దారి: పాత్ రెండు స్లాష్‌లతో మొదలైతే, దాన్ని ఒంటరిగా లొకేషన్‌లో పెట్టినప్పుడు బ్రౌజర్ ఆ తర్వాతి మాటను హోస్ట్ పేరుగా చదువుతుంది. బ్యాక్‌స్లాష్‌ను కూడా బ్రౌజర్లు స్లాష్‌గానే తీసుకుంటాయి.

అందుకే అతికించే ఆలోచన మొత్తం వదిలేశాం. లొకేషన్ ఎప్పుడూ కోడ్‌లో రాసి ఉన్న పూర్తి డొమైన్, దాని వెనక స్లాష్‌తో మొదలయ్యే స్టోర్ విలువ, ఆపైన క్వెరీ స్ట్రింగ్. పట్టికలో లేనిది 404, అంతే. ఆ 404 పేజీలో కొత్త సైటు వెతుకుడు పెట్టెకు ఒక లింకు.

8వ రోజు: సర్టిఫికెట్, డీఎన్‌ఎస్

రీడైరెక్ట్ చేసే డొమైన్‌కు సర్టిఫికెట్ ఎందుకనే అనుమానం తరచూ వస్తుంది. టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే గుప్తీకరణ) కరచాలనం ముందు, హెచ్‌టీటీపీ మాట తర్వాత. సర్టిఫికెట్ లేకపోతే బ్రౌజర్ హెచ్చరిక దగ్గరే ఆగిపోతుంది, మన 302 దాకా రాదు. పాత సైటు హెచ్‌ఎస్‌టీఎస్ హెడర్ (ఈ సైటుకు హెచ్‌టీటీపీఎస్‌తోనే రమ్మనేది) పంపి ఉంటే ఆ హెచ్చరికను దాటే వీలు కూడా పాఠకుడికి ఉండదు. మా పాత సైటు పంపింది.

క్లౌడ్‌ఫ్రంట్‌కు వాడే ఏసీఎం (ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ సేవ) సర్టిఫికెట్ నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే ఉండాలి. వేరే రీజియన్‌లో తీసుకుంటే జాబితాలో కనబడదు. వట్టి డొమైన్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్నది, రెండు పేర్లూ సర్టిఫికెట్‌లోనూ డిస్ట్రిబ్యూషన్‌లోనూ ఉండాలి. ధ్రువీకరణకు పెట్టిన సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకు చూపే) రికార్డును పని అయిందని తీసెయ్యొద్దు. ప్రతిసారీ రెన్యూవల్ దాని మీదే ఆధారపడుతుంది.

వట్టి డొమైన్‌కు సీనేమ్ పెట్టలేం, ఎందుకంటే ఆ పేరు మీద ఎన్‌ఎస్, ఎస్‌ఓఏ రికార్డులు ఉండి తీరాలి, సీనేమ్ పక్కన ఇంకేదీ ఉండకూడదు. రూట్ 53లో అలియాస్ రికార్డుతో ఇది తీరుతుంది. ఐపీవీ6 కోసం క్వాడ్ ఏ అలియాస్ కూడా వెయ్యాలి. ఎంఎక్స్ రికార్డుల జోలికి వెళ్లలేదు. పాత డొమైన్ మీద మెయిల్ ఇంకా నడుస్తోంది.

ప్రస్తుత ఏ రికార్డు టీటీఎల్ (ఆ జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పేది) 86400 నుంచి 300కు తగ్గించాం. ఇది మార్పు రోజుకు కనీసం ఒక రోజు ముందు జరగాలి, లేకపోతే పాత టీటీఎల్ పట్టుకున్న రిజాల్వర్లు (డీఎన్‌ఎస్ జవాబులు తెచ్చిపెట్టే సర్వర్లు) ఇంకో రోజంతా పాత సర్వర్‌కే పంపుతాయి.

వ్యూయర్ ప్రొటోకాల్ పాలసీలో హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు రీడైరెక్ట్ అనేది ఎంచుకుంటే పాత హెచ్‌టీటీపీ లింకులకు రెండు గంతులు పడతాయి. రెండూ అనుమతించి ఫంక్షన్‌నే జవాబు చెప్పనిస్తే ఒక్కటే. హెచ్‌ఎస్‌టీఎస్ ప్రీలోడ్ జాబితాలో (బ్రౌజర్లలో ముందే ఉండేది) ఉన్న డొమైన్ అయితే మొదట అదే హోస్ట్ మీద హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లాలన్న నియమం ఉంది. మాది ఆ జాబితాలో లేదు కాబట్టి ఒక్క గంతు.

9వ రోజు: పట్టిక ఎక్కించడం, పరీక్ష

స్టోర్ సృష్టించేటప్పుడే ఎస్3లోని జేసన్ ఫైల్ నుంచి అంతా ఒకేసారి దిగుమతి చేసుకోవచ్చు. ఆ అవకాశం సృష్టించే ఆ ఒక్కసారే. తర్వాతి మార్పులకు మేం వాడింది ఏపీఐ, కాల్‌కు 50 కీల వరకు. ప్రతి కాల్‌కూ స్టోర్ తాజా ఈట్యాగ్ (వెర్షన్ గుర్తు) జతచెయ్యాలి. పాతది పంపితే తిరస్కరిస్తుంది. ఒక కాల్ జవాబులో వచ్చిన ఈట్యాగ్‌నే తర్వాతి కాల్‌కు ఇస్తూ పోవాలి. పైథాన్ నుంచి పిలిచేవాళ్లకు ఒక మాట: ఈ ఏపీఐ సిగ్నేచర్ వెర్షన్ 4ఏ అడుగుతుంది, బోటో3 (పైథాన్‌కు ఏడబ్ల్యూఎస్ లైబ్రరీ)తో పాటు సీఆర్‌టీ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసుకోకపోతే మొదటి కాలే విఫలమవుతుంది.

పరీక్ష డీఎన్‌ఎస్ మార్చకముందే చెయ్యాలి. కమాండ్‌లైన్ నుంచి పేజీలు తెచ్చే కర్ల్‌లో రిజాల్వ్ ఆప్షన్ ఉంది. పాత డొమైన్ పేరును క్లౌడ్‌ఫ్రంట్ ఐపీకి మన మెషీన్ వరకే కట్టేస్తుంది. స్క్రిప్ట్ ప్రతి వరుసకూ నాలుగు చూస్తుంది: మొదటి స్టేటస్ కోడ్, లొకేషన్, మొత్తం గంతులు, చివరి పేజీ కోడ్.

మొదటి పరుగులో 1,640లో 1,508 శుభ్రంగా వెళ్లాయి. 88 వరుసలకు రెండు గంతులు: కొత్త సైటు తనంతట తానే చివర స్లాష్ చేర్చి ఇంకోసారి రీడైరెక్ట్ చేస్తోంది. పట్టిక విలువల్లోనే స్లాష్ చేర్చితే పోయింది. 29 వరుసలకు గమ్యం దగ్గర 404; అందులో కొన్ని టైపింగ్ తప్పులు, తక్కినవి కొత్త సైటులో ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉన్న వ్యాసాలు. 15 పాత లింకుల్లో మధ్యలో రెండు స్లాష్‌లు ఉన్నాయి, కీ నియమంలో వాటిని ఒకటిగా కుదించాం. మూడో పరుగుకు 1,640కి 1,640.

కన్సోల్‌లోని టెస్ట్ ట్యాబ్ కంప్యూట్ యుటిలైజేషన్ అనే అంకె చూపిస్తుంది, ఫంక్షన్‌కు అనుమతించిన సమయంలో ఎంత శాతం వాడిందో. పొడవైన తెలుగు పాత్‌తో చూడాలి, చిన్న ఇంగ్లిష్ పాత్‌తో కాదు. రెజెక్స్‌లు (అక్షరాల నమూనాలు వెతికే సూత్రాలు) ఐదు ఉండగా అది పైకి ఎగబాకింది. మూడింటిని మామూలు స్ట్రింగ్ పోలికలుగా మార్చాక దిగింది.

10వ రోజు: మార్పు

అలియాస్ రికార్డులు వేశాం. పావుగంటలో ట్రాఫిక్ చాలావరకు ఇటు వచ్చేసింది. పాత సర్వర్‌ను మాత్రం ఇంకో వారం ఆపలేదు. టీటీఎల్‌ను లెక్కచెయ్యని రిజాల్వర్లు కొన్ని ఎప్పుడూ ఉంటాయి.

ఫంక్షన్ కన్సోల్ లాగ్‌లు పాఠకుడు ఎక్కడున్నా నార్త్ వర్జీనియాలోని క్లౌడ్‌వాచ్ (ఏడబ్ల్యూఎస్ లాగ్‌ల సేవ)లోనే పడతాయి. దొరకని కీలను మాత్రమే రాస్తున్నాం. ప్రతి విజయాన్నీ రాస్తే ఆ లాగ్ ఖర్చు ఫంక్షన్ ఖర్చును మించుతుంది.

13వ రోజు

దొరకని కీల్లో ఎక్కువ భాగం వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీని తడుముకునే బాట్‌లే. 404 ఇస్తే చాలు. అసలైనవి 12 తేలాయి: ఫీడ్ చిరునామాలు రెండు, చివర కామా గానీ బ్రాకెట్ గానీ అంటుకుని వచ్చినవి ఏడు, నిజంగా పట్టికలో తప్పిపోయినవి మూడు. వాక్యం చివరి విరామచిహ్నాన్ని లింకులోకి లాక్కునే యాప్‌లు చాలా ఉన్నాయి కాబట్టి, మొదటి వెతుకులాట విఫలమైతే చివరి కామా, ఫుల్‌స్టాప్, బ్రాకెట్ తీసి ఇంకొక్కసారి వెతికేలా చేశాం. మొదటే తీసెయ్యకూడదు, నిజంగానే బ్రాకెట్‌తో ముగిసే చిరునామా ఒకటి మా పట్టికలోనే ఉంది.

24వ రోజు: 301

రెండు వారాల్లో తప్పు గమ్యం ఒక్కటీ బయటపడలేదు. కాన్‌స్టంట్‌ను 301గా, ఫారం దాన్ని 308గా మార్చి, మ్యాక్స్-ఏజ్ 86400తో పబ్లిష్ చేశాం. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు నమోదు చేశాం. కొత్త సైట్‌మ్యాప్ ఇచ్చాం. కొత్త సైటు లోపలి లింకుల్లో పాత డొమైన్ పేరు ఇంకా 40 చోట్ల ఉంటే వాటినీ మార్చాం. మన పేజీల నుంచి మన పేజీలకే రీడైరెక్ట్ మీదుగా వెళ్లడం బాగోదు.

40వ రోజు

వారానికి దొరకని కీలు, బాట్‌లు పోను, రెండో మూడో. వాటిని చేర్చే స్క్రిప్ట్ కొత్త వరుస ఎక్కించే ముందే నాలుగు పరీక్షలూ నడుపుతుంది. ఒక వరుస తప్పితే అసలేదీ ఎక్కించదు.

రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. బయటి సైట్లలోని లింకులు, జనం దాచుకున్న బుక్‌మార్కులు ఏడాదితో అయిపోవు కాబట్టి మాకు గడువు లేదు. పాత డొమైన్ ఆటో రెన్యూవల్ ఆన్‌లో ఉంది, రిజిస్ట్రార్ దగ్గర సంప్రదింపు మెయిల్ పాత డొమైన్ మీద కాక కొత్త డొమైన్ మీదకు మారింది. సర్టిఫికెట్ గడువుకు 30 రోజుల ముందు హెచ్చరిక పెట్టాం. పాత సర్వర్ డిస్క్ స్నాప్‌షాట్ తీసి, మెషీన్‌ను ఈ రోజు తీసేశాం.